మేడకు ప్రాణము కాంక్రీటు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత యెల్లరు నెఱిగినదే. ఆ సామెత పుట్టిన నాడు ఇల్లు కట్టుకొనువారు తమ కన్నుల యెదుటనే పునాది త్రవ్వించి, సున్నము గానుగ పట్టించి, ఇటుక యిటుకను చూచుకొని కట్టించుకొనుచుండిరి. నేడు నగరములందు మనము ఇల్లు కట్టుకొనుట లేదు, కొనుచున్నాము. పదియవ అంతస్తునందో, ఇరువదియవ అంతస్తునందో నాలుగు గదులు కొని, దానికి జీవితకాలపు సంపాదన నంతయు ధారవోసి, ఇరువదియేండ్లు బ్యాంకు ఋణము తీర్చుచున్నాము.

కొనుటకు పోయినపుడు మనము చూచునవి యేవి? వంటగది గట్టు పొడవు, నేలను పఱచిన పలకల నునుపు, సింహద్వారపు దిక్కు, దేవునిగదికి చోటు. ఇవి చూడదగినవే, కాదనను. కాని యీ సమస్తమును మోయుచున్నది వేఱొకటి కలదు. అది గోడపూత వెనుక దాగియుండి మన కంటికి కనబడదు. అదియే కాంక్రీటు. గోడ రంగు నచ్చనిచో మార్చుకొనవచ్చును. గట్టు పగిలినచో మరల వేయించుకొనవచ్చును. స్తంభములో పోసిన కాంక్రీటు చెడ్డదైనచో దానిని తీసివేసి మఱియొకటి పోయుట సులభసాధ్యము కాదు. ఒక్క దినమున జరిగిన తప్పు అఱువదియేండ్లు వెంటాడును. కావున పురుషుల వ్యవహారమని విడిచిపెట్టక, గృహిణులు తెలిసికొనదగిన సంగతులను కొన్నింటిని వ్రాయ సాహసించుచున్నాను.

కాంక్రీటు కథ

గట్టి లేపములు మన పూర్వులకు తెలియనివి కావు. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రలేపమను దానిని చేయు విధమును ప్రత్యేకాధ్యాయమున చెప్పియున్నాడు. మన తెలుగునాట గానుగసున్నమునకు బెల్లపు నీటిని, కరక్కాయ కషాయమును చేర్చి కట్టిన గోడలు పాత యిండ్లలో నేటికిని నిలిచియున్నవి. 1591లో వెలసిన చార్మినారు సున్నముతో కట్టినదే. రోము నగరమున సుమారు 1900 ఏండ్ల నాటి పాంథియను ఆలయపు గుమ్మటము 43 మీటర్ల వెడల్పు గలది. అది యంతయు కాంక్రీటు పోతయే.

నేటి సిమెంటునకు మూలపురుషుడు జోసెఫ్ ఆస్ప్డిన్ అను ఆంగ్లేయుడు. ఆతడు 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. మన దేశమున 1914లో పోరుబందరునందు సిమెంటు తయారగుట ఆరంభమయ్యెను. కాంక్రీటు ఎంత బరువు పెట్టినను ఓర్చును గాని, లాగినను వంచినను ఓర్వలేదు. ఆ కొఱత తీర్చునది ఇనుము. ఫ్రాన్సు దేశపు తోటమాలి జోసెఫ్ మోనియే పూలతొట్టెలు పగులకుండుటకై ఇనుప తీగల నల్లి, చుట్టును సిమెంటు పూసి, 1867లో పేటెంటు పొందెను. పూలతొట్టెలో పుట్టిన యీ యుపాయమే నేటి మేడలకు వెన్నెముక. 1903లో అమెరికాలోని సిన్సినాటి నగరమున ఇనుప కడ్డీలతో కూడిన కాంక్రీటుతో 16 అంతస్తుల భవనము లేచెను. 2010లో దుబాయి నగరమున తెఱువబడిన బుర్జు ఖలీఫా యెత్తు 828 మీటర్లు. ఎడారి వేడిమికి వెఱచి అచ్చట వేసవిలో కాంక్రీటునకు మంచు చేర్చి రాత్రులందు పోసిరి. ఎండకాలము తీవ్రముగా నుండు మన సీమలందు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

ఎసరు తప్పిన అన్నము

కాంక్రీటనగా సిమెంటు, ఇసుక, కంకర, నీరు అను నాల్గింటి కూర్పు. అది ఎండి గట్టిపడునని పలువురు తలంతురు. అట్లు కాదు. సిమెంటు నీటితో కలిసి రసాయనికమైన మార్పు పొంది రాయి యగును. అనగా ఎండి కాదు, నీరు త్రాగి గట్టిపడును. ఈ యొక్క విషయము గ్రహించినచో తక్కినవన్నియు తేటపడును.

నీరు కావలెను గాని మితముగా కావలెను. మేడల పనికి 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు ఇంచుమించుగా తగిన పాలు. ఇంత తక్కువ నీటితో కలిపినది బిరుసుగా నుండి, కడ్డీల సందులలోనికి సులువుగా జాఱదు. అలసిన పనివాడు మఱియొక బకెట్టు నీరు పోయును. అప్పటికి పని తేలికయగును. కాని సిమెంటునకు అక్కఱలేని ఆ నీరు తరువాత ఆవిరియై పోవుచు, తానున్న చోటనెల్ల కంటికి కనబడని రంధ్రములను విడిచిపోవును. బలము తఱుగును, తడి లోపలికి దిగును. ఎసరెక్కువైన అన్నమును వార్చుకొనవచ్చును. నీరెక్కువైన కాంక్రీటును వార్చుటకు వీలులేదు. నీరు పెంచక జాఱుడుతనము కలిగించు ద్రవములు ఇప్పుడు దొరకుచున్నవి. వానిని కొలత ప్రకారము వాడుటయే సరియైన పద్ధతి.

పెద్ద మేడలకు నేడు కాంక్రీటును అక్కడనే కలుపుట అరుదు. దూరమున నున్న కర్మాగారమున యంత్రములచే తూచి కలిపి, తిరుగుడు పీపాలు గల లారీలలో తెచ్చి, గొట్టముల ద్వారా పై యంతస్తులకు ఎక్కించుచున్నారు. దీనినే రెడీమిక్సు అందురు. ఒక్కొక్క లారీలో ఆఱేడు ఘనపు మీటర్లు పట్టును. లారీకి ఎక్కించిన రెండు గంటలలోపల దించివేయవలయునని సామాన్య నియమము. హైదరాబాదు వంటి నగరమున దారిలో లారీ నిలిచిపోయినచో లోపలి సరకు బిగియ నారంభించును. అప్పుడు నీరు పోసి కరగించి దించుకొనుట తేలిక. లారీని త్రిప్పి పంపివేయుట కష్టము. కష్టమైన దానిని చేయగల ధైర్యశాలి యగు ఇంజనీరు ఆ స్థలమున నుండుట మేడకు గొప్ప రక్ష.

పోత పోసిన పిదప మూడు జాగ్రత్తలు కావలయును. మొదటిది, లోపల గాలి బుడగలు నిలువకుండ వైబ్రేటరను యంత్రముతో కదుపుట. కదుపనిచో సెంట్రింగు విప్పినప్పుడు తేనెపట్టు వలె బొక్కలు కనబడును. వానిపై గిలాబు పూసి కప్పుట పుండుపై పట్టుబట్ట కప్పుటయే. రెండవది, కడ్డీల చుట్టును తగినంత మందము. కప్పునకు కనీసము 20 మిల్లీమీటర్లు, స్తంభమునకు 40, పునాదికి 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవచముండవలెను. ఇందులకై కడ్డీల క్రింద చిన్న బిళ్లలు పెట్టుదురు. ఆ బిళ్లలు పెట్టకున్న కడ్డీలు అంచునకు దిగి, తడి తగిలి త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి తన చుట్టునున్న కాంక్రీటును పగులగొట్టును. విశాఖపట్టణము వంటి సముద్రతీర నగరములందు ఉప్పుగాలి వలన ఈ కీడు మఱింత త్వరగా కలుగును.

మూడవది నీటితో తడుపుట. క్యూరింగని దీని వాడుక పేరు. అప్పుడే పోసిన కాంక్రీటు పురిటి బిడ్డ వంటిది. మొదటి దినముల పోషణమే తుదివఱకు బలము. 2000వ సంవత్సరమున సవరింపబడిన 456వ భారతీయ ప్రమాణము సాధారణ సిమెంటునకు ఏడు దినములు, బూడిద మున్నగునవి కలిసిన సిమెంటులకు పది దినములు తక్కువ కాకుండ తడుపుచుండవలయునని చెప్పినది. పొడి వేడి గల ప్రదేశములందు పది దినములకు తగ్గరాదనియు, కలిసిన సిమెంటులకు పదునాల్గు దినములు మేలనియు చెప్పినది. కప్పు మీద మడులు కట్టి నీరు నిలుపుట అందఱును చేయుదురు. స్తంభములకు గోనెపట్టాలు చుట్టి తడుపు సంగతియే మఱచిపోవుచుందురు. మోయునది స్తంభము గదా!

సెంట్రింగు తీయుటకును కాలనియమమున్నది. నాలుగున్నర మీటర్ల లోపు కప్పులకు క్రింది ఊతములు ఏడు దినములు, అంతకు మించినచో పదునాల్గు దినములు ఉండవలయునని అదే ప్రమాణము. వేయి చదరపు అడుగుల కప్పు అయిదంగుళముల మందమున పోసినచో సుమారు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టును. దాని బరువు ఇంచుమించు 30 టన్నులు. అనగా ఆఱేడు ఏనుగులు తలపై నిలిచినట్లు. దానిని పసికందు వయస్సులో ఊతము లేకుండ నిలుపజూచుట యెంత సాహసమో ఊహించుకొనుడు.

ఇదంతయు సరిగా జరిగినదా యని పరీక్షించుటకు మార్గమొకటి కలదు. పోయునప్పుడే కొంత తీసి 15 సెంటీమీటర్ల ఘనపు దిమ్మెలుగా పోత పోసి, నీటిలో నుంచి, ఏడవ దినమునను ఇరువది యెనిమిదవ దినమునను యంత్రములో నొక్కి విఱుతురు. ఎం 20 రకమని పేరు పడినదైనచో దిమ్మె ఇంచుమించు 45 టన్నుల బరువును, ఎం 30 రకమైనచో 68 టన్నుల బరువును ఓర్వవలెను. ఈ దిమ్మెల లెక్కపుస్తకమే మేడకు జాతకచక్రము.

కంట్రాక్టు గొలుసు

మేడ కట్టించు బిల్డరు కాంక్రీటు పనిని ఒక కంట్రాక్టరున కొప్పగించును. ఆ కంట్రాక్టరు సెంట్రింగు పనిని ఒక మేస్త్రికి, కడ్డీలు కట్టు పనిని మఱియొకనికి, పోత పనిని వేఱొకనికి పంచును. రెడీమిక్సు ఇంకొక కంపెనీది. లెక్కలు గీసిన ఇంజనీరు ఎక్కడనో కార్యాలయమున కూర్చుండును. ఇట్లు నలుగురైదుగురి చేతులు మాఱిన పనిలో లోపము వచ్చినచో ఎవ్వరిని పట్టుకొందుము? ప్రతివాడును ప్రక్కవానిని చూపును.

పనికి సొమ్ము చెల్లించు రీతిని బట్టి మోసమునకు దారి మాఱుచుండును. ఇది తెలిసికొనదగినది. సామగ్రితో సహా అడుగునకు ఇంతయని ఒప్పుకొన్న కంట్రాక్టరునకు సిమెంటు తగ్గించిన కొలది లాభము. కూలి మాత్రమే తనదై, సిమెంటు, ఇనుము బిల్డరు ఇచ్చినచో వానిని దొంగిలించిననే గాని తగ్గించి లాభము లేదు. కాని అట్టివాడు తొందరగా ముగించి వేఱొక పనికి పోజూచును, తడుపుటకు మనిషిని నిలుపడు. కాంక్రీటును ఘనపు మీటరు లెక్కను, కడ్డీలను టన్ను లెక్కను, సెంట్రింగును చదరపు మీటరు లెక్కను కొలిచి చెల్లించు పద్ధతి కొంత మేలు. ఐనను కొలుచువాడు నిజాయితీపరుడు కావలెను. ఏ పద్ధతియైనను మూడు కట్టుబాట్లు కాగితము మీద నున్నచో పని నిలుచును: పోతకు ముందు కడ్డీలను, ఊతములను చూచి ఇంజనీరు సంతకము చేసినగాని కాంక్రీటు దింపరాదు, దిమ్మె విఱిగినచో సొమ్ము నిలుపవలెను, ప్రతి బిల్లునుండి కొంత, సాధారణముగా నూటికి అయిదు, నిలిపియుంచి లోపముల గడువు తీరిన పిదపనే ఇయ్యవలెను. తనిఖీ చేయు ఇంజనీరునకు జీతము కంట్రాక్టరు చేతి మీదుగా రాకూడదని వేఱుగ చెప్పనేల?

ఇటీవల అల్యూమినియపు అచ్చులు నిలిపి గోడలు, కప్పు ఏకముగ పోయు పద్ధతి వచ్చినది. మైవాన్ అని వాడుక పేరు. వారము పది దినములకొక యంతస్తు లేచును. పని నునుపుగా నుండును. కాని ఇందు గోడయే స్తంభము. తరువాత వంటగదిని వెడల్పు చేయుదమని గోడ తొలిపించిన, మన యింటినే గాక పై యింటిని కూడ తొలిపించినట్లే.

తొందరపాటు ఫలితము

2001 జనవరి 26వ తేదీన గుజరాతులోని భుజ్ ప్రాంతమున భూకంపము వచ్చినప్పుడు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న అహమదాబాదులో అపార్టుమెంటులు కూలినవి. వానిలో పెక్కింటికి క్రింది అంతస్తు కార్లు నిలుపుటకై గోడలు లేక వట్టి స్తంభములపై నిలిచియుండెను. పైన బరువు, క్రింద సన్నని కాళ్లు. మన నగరములందును ఇట్టి మేడలు వీధి వీధికి నున్నవి. క్రింది స్తంభముల బలమును గూర్చి ప్రత్యేకముగ అడుగుట అందువలన అవసరము.

2014 జూన్ 28వ తేదీ సాయంకాలమున చెన్నపట్టణము చెంత మౌలివాక్కమున, నిర్మాణములో నున్న 11 అంతస్తుల మేడ వానలో కూలిపోయి 61 మంది మరణించిరి. వారిలో విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలనుండి పొట్టకూటికై పోయిన మన తెలుగువా రనేకులుండిరి. ఆ మేడలో ఇల్లు కొనినవారికి సొమ్ము పోయినది; కట్టినవారికి ప్రాణము పోయినది. ప్రక్కనున్న రెండవ మేడను 2016లో ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి.

2022 ఫిబ్రవరిలో గురుగ్రామములోని యొక నివాస భవనమున ఆఱవ అంతస్తు భోజనశాల నుండి మొదలై క్రింది కప్పులొకటొకటిగా కూలి ఇద్దఱు స్త్రీలు మరణించిరి. పరీక్షించిన నిపుణులు కాంక్రీటులో క్లోరైడను లవణము అధికముగ నుండి కడ్డీలను తినివేసినదని తేల్చిరి. ఇసుకలోనో నీటిలోనో దాగిన ఉప్పు ఇల్లు పట్టి చంపినది.

చట్టము మనకిచ్చిన హక్కులు

2016లో చేయబడిన స్థిరాస్తి నియంత్రణ చట్టమును, వాడుకలో రెరా అనెడి దానిని, ప్రతి గృహిణియు కొంతయైనను తెలిసికొనవలెను. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున గాని, ఎనిమిదికి మించిన ఇండ్లు గాని కట్టి యమ్మజూచువారు ముందుగ నమోదు కావలయును. వ్రాతపూర్వకమగు ఒడంబడిక లేక నూటికి పదికి మించి బయానా పుచ్చుకొనరాదు. కొనువారి సొమ్ములో నూటికి డెబ్బది పాళ్లు ప్రత్యేకమైన ఖాతాలో నుంచి, ఆ మేడ పనికే వాడవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, ఇల్లు వశపఱచిన నాటినుండి అయిదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడి తెలియజేసినచో ముప్పది దినములలో పైసా పుచ్చుకొనక బిల్డరే సరిచేయవలయును.

నేనెఱిగిన యొక ఉపాధ్యాయ కుటుంబము పింఛను సొమ్ముతో ఇల్లు కొనినది. మూడవయేట స్నానపుగది కప్పున ఎఱ్ఱని చాఱలు కనబడెను. రంగు లోపమే యని బిల్డరు మనుష్యులు రెండుమాఱులు తెల్లసున్నము వేసిపోయిరి. ఆ యిల్లాలు నెల నెలకు చాఱల ఛాయాచిత్రములు తీసి, తేదీలు వ్రాసి, తక్కిన యిండ్ల స్త్రీలను కూడగట్టి చూడగా అదే వరుసలో మఱి నాలుగిండ్లలో అదే చిహ్నము. అందఱును కలసి వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసి, అయిదేండ్ల గడువు తీరకముందే కప్పు చెక్కించి కడ్డీలు శుభ్రపఱపించి మరల పోత వేయించుకొనిరి. ఆ యిల్లాలు ఇంజనీరు కాదు. కనబడిన దానిని వ్రాసి యుంచినది, అంతియే.

అడుగవలసిన ప్రశ్నలు

కొనకముందు ఈ క్రింది వానిని అడుగుట మన హక్కు:

మేడ స్తంభములకు, కప్పులకు ఏ రకపు కాంక్రీటు నిర్ణయించిరి? దిమ్మెల పరీక్షల పుస్తకము చూపుదురా?

నేల పరీక్ష చేయించిరా? నిర్మాణ చిత్రములు గీసిన ఇంజనీరు ఎవరు?

మన యింటి కప్పు పోసిన తేదీ యేది, ఊతములు తీసిన తేదీ యేది?

మన యింట ఏ గోడలు బరువు మోయునవి, ఏవి కావు?

సమాధానము చెప్పుటకు విసుగుకొనువారి యొద్ద కొనకుండుట మేలు. పూతకు ముందే ఒకమాఱు పోయి స్తంభములను చూచుట ఇంకను మేలు. సుత్తితో మెల్లగ తట్టిన కణకణమను గట్టి ధ్వని రావలెను; డొల్ల ధ్వని వచ్చినచో అడుగవలెను. ఇసుకలో మన్నెంతయో తెలియుటకు గాజుసీసాలో ఇసుక, నీరు పోసి కుదిపి నిలిపినచో చాలును. ఇసుక అడుగున నిలిచి మన్ను పైన పొరగా తేరును.

కాపురమునకు వచ్చిన పిదప కూడ మన బాధ్యత కలదు. మిద్దెపై అడుగు లోతు తడిమన్ను పఱచి తోట వేసిన చదరపు మీటరునకు ఇంచుమించు అరటన్ను బరువు పడును. వసారాలో పెద్ద నీటితొట్టెలు, గోడలకు తూట్లు, ఏండ్ల తరబడి కాఱు గొట్టములు ఇవన్నియు కడ్డీలకు శత్రువులే. మేడ చిత్రపటములను, పత్రములను బిల్డరు నివాసుల సంఘమునకు అప్పగింపవలసియున్నది. అవి సంఘపు పెట్టెలో నున్నవో లేవో చూచుకొనవలెను.

ఆ మేడ కట్టిన చేతులు

ఒక్క మాట మిగిలినది. పాలమూరు కూలీలు దేశమునందలి ఆనకట్టలు, మేడలు కట్టుటలో పేరుగన్నవారు. కరీంనగరు, నిజామాబాదు సీమలవారు గల్ఫు దేశముల మేడలపై చెమటోడ్చిరి. నేడు హైదరాబాదు మేడలపై ఒడిషా, బీహారు, ఝార్ఖండు, బెంగాలు కూలీలు పనిచేయుచున్నారు. వారిలో పసిపిల్లల తల్లులును కలరు. ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట శిశుశాల యుండవలయునని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే విధించియుండెను. ఇసుక కుప్ప ప్రక్కన చీర ఉయ్యెలలో నిద్రించు బిడ్డ యున్న చోట ఆ విధి యెంత నెఱవేఱినదో చూచువారికే తెలియును. తలకు టోపీ, నడుమునకు త్రాడు, త్రాగుటకు నీరు, నిద్రకు చోటు లేని కూలివాడు రాత్రి రెండుగంటలకు పోసిన పోతలో నైపుణ్యము వెదకుట న్యాయము కాదు. మేడ చూడబోయినపుడు కూలీల గుడిసెల వంక కూడ ఒకమాఱు చూడుడు. వారిని చక్కగ చూచుకొను బిల్డరు కాంక్రీటునకును మోసము చేయుటకు జంకును.

వండిన దానిని రుచి చూచి వడ్డించు మనకు, వస్త్రము నేత పట్టి చూచి కొను మనకు, తలపైనున్న కప్పును పరీక్షించి చూచుట అసాధ్యము కాదు. ప్రశ్నించుటకు సంకోచింపవలదు, కాగితము చూపు మనుటకు సిగ్గుపడవలదు. ఆ కప్పు క్రింద నిద్రించునది మన బిడ్డలే గదా!